కరెంటు పోయినప్పుడు కట్టిన తాళి

మంచి లగ్నం చూసి, ఒక్క అక్షరం పొల్లు పోకుండా మంత్రం చదివి, అగ్ని ముందు కూర్చోబెట్టి చేసిన పెళ్ళి, ఆ కూర్చున్న ఇద్దరూ వేషాలు వేసుకుని కూర్చున్నవాళ్ళయితే, అయినట్టా కానట్టా?

ఈ ప్రశ్నకి భీమడోలు పురుషోత్తంగారికి జవాబు దొరకలేదు. ఆయన సంగతి విన్నవాళ్ళకీ దొరకలేదు. ఆయన కంటే పెద్ద పండితులు ఉన్నారు, వెళ్ళి అడగొచ్చు. కానీ అడగాలంటే ముందు సినిమా పేరు చెప్పాలి. ఆ పేరు నోటితో చెప్పలేకనే ఆయన ముప్పై ఏళ్ళు ఊరుకున్నాడు.

డెబ్బై దాటాయి ఆయనకి. మోకాళ్ళు అరిగిపోయాయి, పీట మీద కూర్చుంటే లేవడానికి ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాలి. అయినా పెళ్ళిళ్ళకి పిలుస్తూనే ఉన్నారు. మంత్రం బాగా చెబుతాడని కాదు. మొన్న ఫాల్గుణంలో ఉంగుటూరు ఫంక్షన్ హాల్లో జీలకర్ర బెల్లం అయి మంగళసూత్రం చేతిలోకి తీసుకునేసరికి, పెళ్ళికూతురి స్నేహితురాళ్ళు ఫోన్లు పైకెత్తి పట్టుకుని కూర్చున్నారు.

"పంతులుగారూ, బాదంపూడి వచ్చేసిందా అండి? కట్టెయ్యమంటారా?" అన్నాడు పెళ్ళికొడుకు.

హాలంతా గొల్లుమంది. పురుషోత్తంగారూ నవ్వాడు. మొదట్లో కోపం వచ్చేది. తర్వాత సిగ్గు. ఇప్పుడు అవేవీ రావు. మెడ నొప్పి వస్తుంది, అంతే. నవ్వేస్తే తొందరగా అయిపోతుందని తెలుసుకున్నాడు.

ఆ సినిమా పేరు "మూడో రాత్రి ముహూర్తం". కొల్లేటి గట్టున చేపల చెరువులున్న ఆసామి ఒకాయన, చేతిలో డబ్బాడిన రోజుల్లో తీయించాడు. కొత్తగా పెళ్ళైన జంట, వాళ్ళ గదిలోకి ఏ రాత్రీ సవ్యంగా చేరలేని అల్లుడు. మొదటి రాత్రి మంచం విరుగుతుంది. రెండో రాత్రి పాలగ్లాసు మామగారి చేతికి పోతుంది. మూడో రాత్రి ఏమవుతుందో చూడ్డానికే జనం వస్తారని ఆసామి నమ్మకం. మధ్యలో తడిసిన చీరతో ఒక పాట. ఏలూరులో ఉదయం ఆటగా వేశారు. తువ్వాళ్ళు నెత్తిన కప్పుకుని వెళ్ళినవాళ్ళు, బయటికొచ్చేటప్పుడు ఒకళ్ళ మొహం ఒకళ్ళు చూసుకోలేదు. అందులో చెప్పుకునేంత ఏమీ లేకపోవడంతో, హాలువాళ్ళు వేరే సినిమాల్లోంచి ఏవో ముక్కలు తెచ్చి మధ్యలో అతికించి ఆడించారు. ఆ ముక్కల్లో ఉన్నది రత్నం కాదు. కానీ మొహం కనపడని ఆ ఒంటికి ఊరు రత్నం పేరే పెట్టుకుంది.

రత్నం ఆ సినిమాలో పెళ్ళికూతురు. తాడేపల్లిగూడెంలో నాటకాలాడే మణెమ్మ కూతురు. తల్లీకూతుళ్ళిద్దరూ ఏ ఊళ్ళో తీర్థం జరిగితే ఆ ఊరు వెళ్ళి, వేషం కట్టి, తెల్లారి బస్సెక్కి వచ్చేవాళ్ళు. పెళ్ళికొడుకు వేషం శ్యామ్ సుందర్‌ది. ఏలూరులో ఒక సహకార సంఘం ఆఫీసులో గుమాస్తా, సాయంత్రాలు స్టేజీ మీద హాస్యగాడు. మనిషి మంచివాడే. ఏ మాటనీ చివరిదాకా గంభీరంగా అనలేడు, అదొక్కటే జబ్బు.

పురుషోత్తంగారు అందులోకి ఎలా వెళ్ళాడంటే, ఆ ఆసామి ఇంటి గృహప్రవేశం ఆయనే చేశాడు. "సినిమాలో పెళ్ళి ఉందండి, మీరే వచ్చి చెయ్యాలి" అని ఆసామి ఇంటికొచ్చి తాంబూలం ఇచ్చాడు. ఎలాంటి సినిమా అని ఈయన అడగలేదు. పెళ్ళి అన్నాక ఎలాంటి పెళ్ళని అడిగే అలవాటు ఆయనకి లేదు. అలవాటు ప్రకారం పంచాంగం తీసి చూశాడు. "ఎలాగూ తీస్తున్నారు గదా, పదకొండింటికి లగ్నం బావుంది, అప్పుడు తీస్తే మీకూ మంచిది" అన్నాడు. సినిమావాళ్ళకి అలాంటి మాటంటే ప్రాణం. సరేనన్నారు.

కొల్లేటి ఒడ్డున తాటాకు పందిరి. లోపల లైట్లు. డైరెక్టరు కుర్రవాడు, ఎండకి ఎర్రగా కందిపోయి ఉన్నాడు. "పంతులుగారూ, ఏదో ఒకటి గొణగండి చాలు" అన్నాడు. గొణగడం ఈయనకి చేతకాదు. తండ్రి దగ్గర కూర్చుని నేర్చుకున్న చదువు, మొదలంటూ పెడితే చివరిదాకా వెళ్ళాల్సిందే. మధ్యలో ఆపితే నోట్లో ముద్ద ఉమ్మేసినట్టుంటుంది. అందుకని గణపతి పూజతో మొదలుపెట్టాడు. సంకల్పంలో ఆ రోజు తిథీ వారం నక్షత్రం ఉన్నవి ఉన్నట్టు చెప్పాడు. పేర్లు అడిగాడు. వేషాల పేర్లు చెప్పబోతే, "అవి కాదు, అసలు పేర్లు" అన్నాడు. గోత్రం అడిగాడు.

"మాకు తెలీదండి" అంది రత్నం.

"తెలియనివాళ్ళకి కాశ్యపస గోత్రం ఉందమ్మా. దిగులుపడకు."

సరిగ్గా అక్కడే కరెంటు పోయింది. జనరేటరులో డీజిలు లేదు. దాని కోసం జీపు వేసుకుని ఇద్దరు కైకలూరు వెళ్ళారు. మిగిలినవాళ్ళు టీ తాగడానికి గట్టు మీదికి పోయారు. పోతూపోతూ డైరెక్టరు అసిస్టెంటు గట్టిగా అరిచాడు: "పీటల మీదవాళ్ళు లేవకండి! చీర మడత మారితే మళ్ళీ కలవదు!"

వాళ్ళు లేవలేదు. ఈయన ఆపలేదు. లగ్నం దగ్గర పడుతోంది. కన్యాదానం దగ్గరికి వచ్చేసరికి సినిమాలో తండ్రి వేషం వాడు బీడీ కాల్చుకోడానికి పోయాడు. కూతురి మొహానికి రంగు కారకుండా విసనకర్రతో విసురుతూ మణెమ్మ పక్కనే నిలబడి ఉంది. పురుషోత్తంగారు ఒక్క క్షణం ఆగాడు. ఆ ఒక్కసారే ఆయన ఆగింది.

"ఆపకండి బాబూ" అంది మణెమ్మ. "నా కూతురికి ఇంతకన్నా పెళ్ళి ఎవరు చేస్తారండి? చదవండి. నీళ్ళు నేను పోస్తాను."

ఆవిడ నీళ్ళు పోసింది. కంపెనీవాళ్ళు తెచ్చిన తాళి ఇత్తడిది. అది పనికిరాదని, తన సంచిలోంచి పసుపుకొమ్ము తీసి, దారానికి పసుపు రాసి కట్టి ఇచ్చాడాయన. శ్యామ్ సుందర్ ఆవలిస్తూ, "స్పీడు పెంచండి పంతులుగారూ, రైలెళ్ళిపోద్ది" అంటూనే మూడు ముళ్ళూ వేశాడు. రత్నం తల వంచుకునే ఉంది. హోమం చుట్టూ నడిపించాడు, ఏడడుగులూ వేయించాడు. గట్టు మీద టీ తాగుతున్నవాళ్ళు ఒకళ్ళూ ఇటు తిరిగి చూడలేదు.

కరెంటు వచ్చింది. "ఏదీ, తాళి షాటు తీద్దాం" అన్నాడు డైరెక్టరు.

"అయిపోయింది నాయనా" అన్నాడు పురుషోత్తంగారు.

"అయిపోవడమేంటండీ! కెమెరా తిరక్కుండా?"

కట్టిన తాళి మీద మళ్ళీ మాంగల్య మంత్రం చదవనన్నాడు ఈయన. వాళ్ళు బతిమాలారు, తర్వాత కసిరారు. ఆసామి మొహం చూసి చివరికి ఒప్పుకున్నాడు. ఒప్పుకున్నాడు గాని మంత్రం నోటికి రానివ్వలేదు. ఇత్తడి తాళి ఎత్తి పట్టుకుని, కళ్ళు మూసుకుని, సాయంత్రం తను ఇంటికి వెళ్ళాల్సిన రైలు దారిలో స్టేషన్ల పేర్లే స్వరం పెట్టి ఎత్తుకున్నాడు. దెందులూరు, భీమడోలు, పూళ్ళ, కైకరం, చేబ్రోలు, బాదంపూడి. బాదంపూడి దగ్గర దీర్ఘం తీశాడు. తీసేసరికి శ్యామ్ సుందర్ తాళి కట్టేశాడు. మళ్ళీ డబ్బింగు చెప్పించే స్థోమత లేక, సినిమాలో అదే ఉంచేశారు.

సినిమా వచ్చాక కొంతకాలం ఈయన్ని ఎవరూ గుమ్మం ఎక్కనివ్వలేదు. "ఆ సినిమాలో పంతులటగా" అని సత్యనారాయణ వ్రతాలు కూడా వేరేవాళ్ళకి పోయాయి. భార్య వెంకటసుబ్బలక్ష్మి ఆ రోజుల్లో అప్పడాలు ఒత్తి ఇల్లు లాగింది. "దెందులూరు దగ్గరే దిగిపోవాల్సిందండీ మీరు, బాదంపూడి దాకా ఎందుకెళ్ళారు?" అని ఆవిడ ఎత్తిపొడుపు. తర్వాత జనం మరిచిపోయారు. ఆ మరుపు కొన్నేళ్ళు సుఖంగా ఉంది. ఈమధ్య ఎవరో ఆ పెళ్ళి ముక్క ఒక్కటీ తీసి నెట్‌లో పెట్టారు. సినిమా ఎవరికీ తెలీదు, పంతులు అందరికీ తెలుసు. వద్దన్నవాళ్ళ పిల్లలే ఇప్పుడు ఆ పంతులే కావాలంటున్నారు.

రత్నానికి అలా ఏమీ తిరిగి రాలేదు. సినిమా తర్వాత ఆమెని నాటకాలకి పిలిచేవాళ్ళు వేషం గురించి కాక వేరేవి మాట్లాడేవాళ్ళు. మణెమ్మ పోయాక ఆమె పెదవేగి వైపు వెళ్ళిపోయింది. అక్కడ పామాయిల్ మొక్కల నర్సరీలో సంచుల్లో మట్టి నింపే పని.

సినిమా అయిన రెండేళ్ళకి శ్యామ్ సుందర్ పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురు లక్ష్మీప్రసన్న, గూడెంలో టీచరుగారి అమ్మాయి. ఆ టీచరుగారికి పురుషోత్తంగారే పురోహితుడు. పెళ్ళికి ముందురోజు ఈయన శ్యామ్ సుందర్‌ని పక్కకి పిలిచాడు.

"బాబూ, ఆ రోజు కొల్లేటి దగ్గర నేను చదివింది..."

"రైలు స్టేషన్లే గదండీ!"

"అంతకు ముందు చదివింది."

శ్యామ్ సుందర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. "అది సినిమా అండీ పంతులుగారూ! ఆ లెక్కన నాకు స్టేజీ మీద ఎంతమంది పెళ్ళాలో!"

మర్నాడు ఈయన పీట మీద కూర్చుని అవే మంత్రాలు చదివాడు. తాళి ఎత్తినప్పుడు చూస్తే వెనక వరసలో రత్నం ఉంది. అక్షింతలు అందరితోపాటే వేసింది. భోజనాల దగ్గర ఎదురొచ్చి, "బూరెలు బావున్నాయండి. వెళ్ళొస్తానండి పంతులుగారూ" అంది. నోట్లో ఇంకా బూరె ఉంది. ఆ మాట ఎన్నాళ్ళో ఆయన చెవిలో ఉండిపోయింది. అందులో నిష్ఠూరం ఎక్కడుందో వెతికేవాడు. దొరికేది కాదు.

మొన్న వేసవిలో శ్యామ్ సుందర్ పోయాడు. గుండె ఆగిందట. పురుషోత్తంగారు ఏలూరు వెళ్ళి చూసొచ్చాడు. లక్ష్మీప్రసన్న గోడకి ఆనుకుని కూర్చుని ఉంది. "మీ చేతుల మీదుగా జరిగిందండి మా పెళ్ళి" అని ఏడ్చింది. ఈయన కాసేపు కూర్చుని లేచి వచ్చేశాడు. చావింటి నుంచి వచ్చేటప్పుడు వెళ్ళొస్తానని చెప్పకూడదు గనక ఆ ఒక్క పూటకీ నోరు విప్పే పని తప్పింది, అదే నయమనుకున్నాడు.

తర్వాత వారం తిరక్కుండా, ఒక మధ్యాహ్నం వేళ గేటు దగ్గర ఎవరో పిలిచారు.

"పంతులుగారున్నారా అండి?"

గొంతుని బట్టే పోల్చుకున్నాడు. జుట్టు నెరిసింది, మనిషి నల్లబడి సన్నబడింది. గోళ్ళలో మట్టి. నుదుట మాత్రం రూపాయి కాసంత బొట్టు.

"రామ్మా రత్నం. కూర్చో. ఇంత ఎండన పడి వచ్చావేమిటి?"

"పెదవేగి నుంచి బస్సులో ఏలూరొచ్చి ప్యాసింజరు ఎక్కానండి." వరండాలో కుర్చీ చివర కూర్చుంది. "ఈ సెల్లుల గోలొకటండి బాబూ. మా నర్సరీలో పిల్లలు మిమ్మల్ని చూపించి, 'రత్నమ్మా, ఈ పెళ్ళికూతురు అచ్చం నీలాగే ఉందే' అంటారు. మా చెల్లెలని చెప్పానండి."

"నమ్మారా?"

"నాకంటే చెల్లెలే బావుందన్నారు."

ఇద్దరూ నవ్వారు. నవ్వు తొందరగానే అయిపోయింది.

"ఆయన పోయారటగదండీ."

"అవునమ్మా. ఎవరు చెప్పారు?"

"ఎవరు చెబుతారండి నాకు? మా మేస్త్రీ కూతురు బజ్జీలు కట్టించుకొచ్చింది. విప్పి చూస్తే పేపర్లో ఆయన ఫొటో. నూని మరకలో." చేతిసంచి ఒళ్ళోకి లాక్కుంది. "మరి నేనేం చెయ్యాలండి?"

"ఏం చెయ్యడమంటే?"

చేతిసంచిలోంచి చిన్న ప్లాస్టిక్ కవరు తీసింది. నర్సరీలో విత్తనాలు వేసే కవరు. లోపల దారం, దానికి పసుపుకొమ్ము. కొమ్ము నల్లబడి, పురుగు తొలిచి, బెజ్జాలు పడి ఉంది.

"మెళ్ళో వేసుకు తిరగలేదండి. అంత పిచ్చిదాన్ని కాను. పెట్టెలో ఉంచాను. బొట్టు మాత్రం పెట్టుకున్నాను. ఎవరన్నా అడిగితే మా ఆయన కువైట్‌లో ఉన్నాడనేదాన్ని. ఎప్పుడొస్తాడే అంటే, ఆళ్ళు పంపొద్దూ అనేదాన్ని. ఆ మాటతో మొగాళ్ళు కూడా జోలికి రాలేదండి. ఒక రకంగా ఆయన నన్ను చూసుకున్నట్టేగా." కవరు ఒళ్ళో పెట్టుకుంది. "ఇప్పుడిది ఏ కాలవలోనన్నా వదిలెయ్యాలా? నేను మైల పట్టాలా? మీరెలా చెబితే అలాగే చేస్తానండి. చేసింది మీరే గదా."

పురుషోత్తంగారు ఉత్తరీయంతో మొహం తుడుచుకున్నాడు.

"వాడు నవ్వుతూనే కూర్చున్నాడమ్మా ఆ రోజు."

"అసలు పెళ్ళిళ్ళలో పెళ్ళికొడుకులు ఏడుస్తారేంటండీ?"

"గూడెంలో పెళ్ళి కూడా నేనే చేశాను."

"చూశానుగదండీ. బూరెలు తిన్నాను." ఆమె ఆయన మొహంలోకి చూసింది. గొంతు పెరగలేదు. "రెండూ నిజం కావు గదండీ పంతులుగారూ. రెంట్లో ఏదో ఒకటి రైలు స్టేషన్లే అయ్యుండాలి. నేను పోట్లాడ్డానికి రాలేదండి. ఏదో చెప్పండి చాలు."

ఆయన నోరు తెరిచాడు. ఇన్ని వేల మంది ముందు, ఇన్ని పందిళ్ళలో ఎప్పుడూ తడుముకోని నోరు. అయిందంటే, గోడకి ఆనుకుని ఏడ్చిన ఆ ఇల్లాలిని తనే మోసం చేశాడు. కాలేదంటే, తండ్రి దగ్గర నేర్చుకున్నదంతా ఎవరికి వాళ్ళు ఎలా వింటే అలా ఉండే పాట మాత్రమే. కెమెరా ముందు చదివినా ఒకటే, అగ్ని ముందు చదివినా ఒకటే.

"ఉండమ్మా. గొంతు ఎండిపోయి ఉంటుంది, మజ్జిగ తెస్తాను" అని లేచాడు. లేవడానికి ఆమే చెయ్యి ఇచ్చింది.

వంటింట్లో వెంకటసుబ్బలక్ష్మి ఊరమిరపకాయల పళ్ళెం ముందేసుకుని కూర్చుని ఉంది. అంతా విన్నది.

"ఏం చెప్పారు?"

"ఏం చెప్పను? అయిందంటే ఈ వయసులో దాని బొట్టు నేను చెరిపినట్టు. కాలేదంటే ముప్పై ఏళ్ళూ ఉత్తివే అన్నట్టు."

"ఎవరు చెరపమన్నారు మిమ్మల్ని? ఆ మనిషి బొట్టు గురించి రాలేదండీ. ఆ పోయినాయన కోసం తను ఏడవొచ్చో ఏడవకూడదో కనుక్కుందామని వచ్చింది. ఆ రోజున మణెమ్మ చేత నీళ్ళు పోయించారు. పోయించేటప్పుడు మీకు అది పెళ్ళా, సినిమానా?"

"పెళ్ళే."

"మరింకేం?"

"లక్ష్మీప్రసన్న మాటో?"

"ఆవిడ మిమ్మల్నేమీ అడగలేదు. అడిగింది ఈవిడ. అడిగినవాళ్ళకి చెప్పండి ముందు." మజ్జిగ గ్లాసు చేతిలో పెట్టింది. "గూడెం పెళ్ళి సంగతి మీరూ మీ దేవుడూ తేల్చుకోండి. నన్నడక్కండి. నేను చాలా అప్పడాలు ఒత్తాను."

పురుషోత్తంగారు వంటింటి గుమ్మం దగ్గర కాసేపు నిలబడ్డాడు. లోపల్లోపల మాట కూడగట్టుకున్నాడు. అయిందమ్మా, నేను చేశాను, అది పెళ్ళే, నీ ఇష్టమున్నన్నాళ్ళు ఏడువు. ఇంతే. ఒక్కసారి పైకి అనేస్తే, ఆ తర్వాత ఏ పందిట్లోనూ కూర్చోకపోయినా ఫరవాలేదనిపించింది. ఉత్తరీయం సరిచేసుకుని, గ్లాసు ఒలక్కుండా నెమ్మదిగా నడుచుకుంటూ వరండాలోకి వచ్చాడు.

కుర్చీ ఖాళీగా ఉంది.

గ్లాసు కిటికీలో పెట్టి, కుర్చీ మీదా, కిందా, అరుగు మీదా వెతికాడు. ఆ కవరు వదిలి వెళ్ళి ఉంటుందేమో, కనీసం అదైనా ఏదో ఒకటి చెబుతుందని. ఎక్కడా లేదు. గేటు గడియ తీసి మళ్ళీ జాగ్రత్తగా వేసి ఉంది.

"రత్నం!" అన్నాడు వీధిలోకి. గొంతు గేటు దాటలేదు.

గేటు ఊచ పట్టుకుని మెట్టు దిగబోయాడు. మోకాలు ఒప్పుకోలేదు. ఎండలో స్టేషను రోడ్డు చివర ఎవరో ఆడమనిషి, చెంగు నెత్తి మీదికి లాక్కుని, తొందర లేకుండా నడుస్తోంది. ఏలూరు వైపు బండి అప్పుడే వచ్చి ఆగిన చప్పుడు వినపడింది. ఆమె వెనక్కి తిరిగి చూడలేదు.

"ఏవండీ, వెళ్ళిపోయిందా? ఏమన్నా చెప్పి వెళ్ళిందా?" లోపలి నుంచి వెంకటసుబ్బలక్ష్మి.

ఆయన గేటు ఊచ వదల్లేదు. నోట్లో బూరె ఉన్నప్పుడు కూడా ఆ మాట చెప్పి వెళ్ళిన మనిషి. ఇవాళ, చావింటి నుంచి లేచి వెళ్ళేవాళ్ళలా, వెళ్ళొస్తానని చెప్పలేదు.